రక్షణ గోడ లేని రహదారి

రోడ్డంచున తెల్లగీత. గీత దాటితే జానెడు తారు. ఆ జానెడూ దాటితే ఇక ఏమీ లేదు... గాలి తప్ప! వందల అడుగుల కింద సన్నటి దారంలా ఏరు. రెయిలింగు లేదు, పిట్టగోడ లేదు, కనీసం సున్నం కొట్టిన రాళ్లయినా లేవు. వెనక సీట్లో అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఆంజనేయ దండకం అందుకుంటుంది. ముందు సీట్లో నాన్న డాష్‌బోర్డు పట్టుకుని 'కొండలు తర్వాత చూద్దువుగానిరా... నువ్వు రోడ్డు చూడు' అంటాడు. స్టీరింగు పట్టుకున్న అబ్బాయికి ఆ మాట చెప్పనక్కర్లేదు. అరగంట నుంచీ అతను రెప్ప వేస్తే ఒట్టు.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో సిల్వర్టన్, ఊరే అనే రెండు చిన్న ఊళ్లను కలిపే రోడ్డది. పొడవు 40 కిలోమీటర్లే. పేరు మాత్రం ఘనమైంది, మిలియన్ డాలర్ హైవే. డెన్వర్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేసవికి వచ్చిన అమ్మానాన్నలను ఎక్కడికి తీసుకెళ్లాలా అని ఆలోచించేటప్పుడు ఈ పేరు ఎప్పుడో ఒకప్పుడు రాకమానదు. రాగానే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. 'చూసి తీరాల్సిందే' అనేది ఒకటి, 'మాకొద్దు బాబూ' అనేది రెండోది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

డెన్వరే ఒక కొండ

కొలరాడోలో 14 వేల అడుగులు దాటిన శిఖరాలు యాభైకి పైనే ఉన్నాయి. రాష్ట్రం పడమటి సగమంతా రాకీ పర్వతాలదే రాజ్యం. ఆ కొండల ముంగిట, చదునైన నేల మీద కూర్చున్నట్టు కనిపించే రాజధాని డెన్వర్ కూడా నిజానికి సముద్రమట్టానికి సరిగ్గా మైలు ఎత్తున, అంటే 1,609 మీటర్ల ఎత్తున ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తైనదిగా చెప్పే మన్యంలోని అర్మకొండ దాదాపు 1,680 మీటర్లు. విజయవాడ నుంచి వచ్చి డెన్వర్‌లో విమానం దిగడమంటే ఇంచుమించు అర్మకొండ శిఖరం మీద దిగడమే. అక్కడి నుంచి ఇంకా పైకి ఎక్కుతామంటే ఒళ్లు ఊరుకుంటుందా? తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, నాలుగు మెట్లెక్కగానే ఆయాసం... ఇవన్నీ ప్రాణవాయువు తగ్గిందని శరీరం పెట్టే మొర. అందుకే దిగిన మర్నాడే కొండల్లోకి బయల్దేరడం తెలివైన పని కాదు. రెండు మూడు రోజులు డెన్వర్‌లో తిరిగి, మంచినీళ్లు బాగా తాగి అప్పుడు వెళ్లాలి. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులున్న పెద్దవాళ్లయితే ఇండియాలో పెట్టె సర్దుకునే ముందే డాక్టరుకు ఈ ఎత్తుల సంగతి చెప్పి అడగడం మంచిది.

ఎత్తు వంటింట్లో కూడా తెలుస్తుంది. డెన్వర్‌లో నీళ్లు సుమారు 95 డిగ్రీలకే మరుగుతాయి. సిల్వర్టన్‌లో అయితే 90 డిగ్రీలకే. కుతకుత ఉడుకుతున్నట్టే ఉంటుంది గానీ గంటైనా కందిపప్పు మెత్తబడదు. కొండల్లో వంటగది ఉన్న గది అద్దెకు తీసుకుంటే ప్రెషర్ కుక్కరు వెంట ఉండాల్సిందే. ఈ ఒక్క విషయంలో మనవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పచ్చడి సీసా, కుక్కరూ లేకుండా తెలుగువాళ్ల కారు ఏ కొండా ఎక్కదు.

చుట్టి రావడంలోనే కిటుకు

డెన్వర్‌లో బయల్దేరి, దక్షిణంగా దిగి, పడమటికి తిరిగి, ఉత్తరంగా పైకొచ్చి మళ్లీ డెన్వర్ చేరే చుట్టు ఒకటుంది. పక్కదారులతో కలిపి దాదాపు 1,500 కిలోమీటర్లు. అయిదారు రోజులు పెట్టుకుంటే హాయిగా తిరగొచ్చు. మూడు రోజుల్లో ముగించేవాళ్లూ ఉన్నారు గానీ వాళ్లు చూసేది కొండల్ని కాదు, ముందు పోతున్న కారు నంబరు ప్లేటుని.

ఈ చుట్టును ఏ వైపు నుంచి తిరగాలన్నది అసలు ప్రశ్న. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడిపక్కన పోతాయి. ఊరే నుంచి సిల్వర్టన్‌కు దక్షిణంగా వెళ్తే మన వరుస లోయ అంచున పడుతుంది. అదే సిల్వర్టన్ నుంచి ఊరేకి ఉత్తరంగా వస్తే కొండను ఆనుకుని పోతాం, మనకూ లోయకూ మధ్య ఎదురు వచ్చే వరుస ఒకటి అడ్డుంటుంది. చూడటానికి ఆ తేడా ఆరేడు గజాలే. వెనక సీట్లో అమ్మకు మాత్రం అదే ప్రాణం. కాబట్టి దక్షిణం నుంచి ఉత్తరానికి వచ్చేలా ప్రయాణం వేసుకోవడం ఉత్తమం.

మొదటిరోజు డెన్వర్ నుంచి 285వ నంబరు హైవే మీద నైరుతిగా. గంటన్నర లోపే కెనోషా కనుమ వస్తుంది. ఎత్తు 10 వేల అడుగులు. పిల్లల చేతుల్లో చిప్స్ ప్యాకెట్లు బూరెల్లా ఉబ్బిపోతాయి. పగిలి కారంతా పడకముందే తెరిచి తినేయడమే దానికి మందు. సెప్టెంబరు ఆఖరి వారాల్లో ఈ కనుమ పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. ఆస్పెన్ చెట్ల ఆకులు బంగారు రంగు తిరిగే కాలమది. ఒక తోపులోని చెట్లన్నీ చాలాసార్లు ఒకే వేరు నుంచి పుట్టిన పిలకలు. అందుకే కొండ మీద ఒక ముక్క మొత్తం ఒకేసారి రంగు మారుతుంది, పక్క ముక్క పచ్చగానే ఉంటుంది. కనుమ దిగగానే సౌత్ పార్క్ అనే విశాలమైన గడ్డిమైదానం. ఆ పేరుతో వచ్చే కార్టూన్ సీరియల్ ఊరు ఈ ప్రాంతంలో ఉన్నట్టే ఊహించుకున్నారు. కార్టూన్ కదా అని పిల్లలకు పెట్టే బాపతు మాత్రం కాదది.

మధ్యాహ్నానికి శాన్ లూయీ లోయ. అక్కడ గీత గీసినట్టు పోయే రోడ్డు చివర, మంచు కొండల పాదాల దగ్గర ఇసుక గుట్టలు! రాజస్థాన్‌లోని ఎడారి ముక్కను ఎవరో తెచ్చి రాకీల కింద కుమ్మరించినట్టుంటుంది. గ్రేట్ శాండ్ డ్యూన్స్ నేషనల్ పార్క్ ఇది. ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తైన ఇసుక దిబ్బలు ఇక్కడివే, 700 అడుగులు దాటినవి ఉన్నాయి. మే నెలాఖరులో, జూన్ మొదట్లో వెళ్తే దిబ్బల ముందు మెడానో వాగు పారుతుంటుంది. మోకాలి లోతైనా ఉండదు గానీ ఇసుక అడ్డుపడి, తెగి, అలలు అలలుగా వస్తుంది. పిల్లలు ఓ పట్టాన బయటికి రారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మాత్రం ఇసుక 65 డిగ్రీల దాకా కాగుతుంది. చెప్పులు కారులో వదిలి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు చేసే నాట్యం చూడాల్సిందే.

మర్నాడు వుల్ఫ్ క్రీక్ కనుమ దాటి డురాంగో చేరుకుంటే సగం పని అయినట్టే. డురాంగో నుంచి ఒకరోజు పడమటగా వెళ్లి మెసా వెర్డే చూసి రావాలి. కొండచరియ కింద గుహలాంటి సొరుగులో ఒక ఊరు ఊరంతా కట్టుకున్నారు అక్కడి పూర్వీకులు. క్లిఫ్ ప్యాలెస్ అనే ఒక్క నివాసంలోనే దాదాపు 150 గదులు. 1200ల చివర్లో వాళ్లంతా అవి వదిలేసి దక్షిణాదికి వెళ్లిపోయారు. వాళ్ల వారసులైన ప్యూబ్లో ప్రజలు న్యూమెక్సికో, అరిజోనాల్లో ఈనాటికీ ఉన్నారు. ఆ ఇళ్లలోకి వెళ్లాలంటే రేంజరు వెంట, టికెట్టుతోనే వెళ్లాలి. నిచ్చెనలు ఎక్కి దిగాలి కనుక మోకాళ్ల నొప్పులవాళ్లు పైనుంచే చూసి తృప్తిపడటం మంచిది.

రూపాయి దెబ్బ

డురాంగో నుంచి సిల్వర్టన్‌కు రెండు దారులు. ఒకటి రోడ్డు. రెండోది 1882 నుంచి నడుస్తున్న బుల్లి రైలు. పట్టాల మధ్య దూరం మూడడుగులే, మన డార్జిలింగ్ బొమ్మరైలు కన్నా ఒక్క అడుగు ఎక్కువ. 72 కిలోమీటర్లు పోవడానికి మూడున్నర గంటలు. తొందరున్నవాళ్లు ఎక్కే రైలు కాదు. ఏనిమాస్ నది పక్కనే పొగ వదులుతూ, కొన్నిచోట్ల కొండ అంచున వేలాడుతున్నట్టు వెళ్తుంది. 2018లో ఈ ప్రాంతంలో పెద్ద కార్చిచ్చు రేగిన తర్వాత బొగ్గు ఇంజన్లను చమురుకు మార్చారు. కూత మాత్రం మారలేదు.

రోడ్డున వెళ్లేవాళ్లు కోల్ బ్యాంక్, మోలాస్ అనే రెండు కనుమలు ఎక్కి దిగాలి. దిగుతుండగా ఒక మలుపులో కింద గిన్నెలాంటి లోయలో సిల్వర్టన్ కనిపిస్తుంది. 9,318 అడుగుల ఎత్తున, నాలుగు వీధుల ఊరు. పెద్దవీధి ఒక్కదానికే తారు, మిగతావన్నీ మట్టివే. రంగురంగుల చెక్క ముఖాలతో పాత దుకాణాలు. పేరులోనే వెండి ఉంది. ఈ కొండల్లోంచి టన్నులకొద్దీ వెండి తవ్వుకుపోయిన కాలంలో పుట్టిన ఊరిది.

ఈ ఊళ్ల వెలుగు ఒక్కసారిగా ఆరిపోవడానికి కారణమైన వాటిలో మన రూపాయి కూడా ఒకటని ఎంతమందికి తెలుసు?

1893 వరకు ఇండియాలో ఎవరైనా సరే వెండి తీసుకెళ్లి బొంబాయి, కలకత్తా టంకశాలల్లో ఇస్తే రూపాయలు కొట్టి ఇచ్చేవారు. అందువల్ల ప్రపంచంలో వెండికి ఇండియా పెద్ద గిరాకీ. వెండి ధర పడిపోతున్నకొద్దీ రూపాయి విలువా పడిపోతుండటంతో, ఇంగ్లండుకు ఏటా పౌన్లలో డబ్బు పంపాల్సిన బ్రిటిష్ ఇండియా ప్రభుత్వానికి ఊపిరాడలేదు. 1893 జూన్ 26న అది టంకశాలల తలుపులు మూసింది. బయటివాళ్ల వెండికి ఇక రూపాయలు కొట్టబోమంది. ఆ కబురు తంతి మీద అమెరికా చేరిన నాలుగైదు రోజుల్లోనే వెండి ధర కుప్పకూలింది. తవ్వితే కూలి కూడా గిట్టదని కొలరాడో గనుల యజమానులు గనులు మూసేశారు. జులైలో డెన్వర్‌లో బ్యాంకులు వరసగా తలుపులు వేశాయి. ఆ సెప్టెంబరుకల్లా రాష్ట్రంలో దాదాపు 45 వేల మంది పనిలేనివాళ్లయ్యారని అప్పటి కార్మిక శాఖ లెక్క. నవంబరులో అమెరికా ప్రభుత్వం కూడా వెండి కొనుగోలు చట్టాన్ని రద్దు చేసింది. దాంతో ఆశ కూడా పోయింది.

సిమ్లాలో ఒక సంతకం, భూగోళానికి అటువైపు కొండల్లో వేల పొయ్యిలు ఆరిపోయాయి. అదే సంవత్సరం, అదే జులైలో కేథరిన్ లీ బేట్స్ అనే అధ్యాపకురాలు కొలరాడోలోనే పైక్స్ పీక్ శిఖరం ఎక్కింది. అక్కడి దృశ్యం చూసి ముగ్ధురాలై రాసిన గీతమే 'అమెరికా ద బ్యూటిఫుల్'. కింద బ్యాంకుల ముందు జనం తోసుకుంటుంటే పైన పాట పుట్టింది.

సిల్వర్టన్ ఆ దెబ్బకు చావలేదు. బంగారం, సీసం, జింకు తవ్వుకుంటూ బతికింది. చివరి పెద్ద గని 1991లో మూతబడింది. కానీ గనులు మూసినంత మాత్రాన కథ ముగియదు. 2015 ఆగస్టు 5న ఊరికి పైనున్న గోల్డ్ కింగ్ అనే పాత గని దగ్గర అమెరికా పర్యావరణ సంస్థ తరఫున పనులు జరుగుతుండగా లోపల నిలవున్న నీళ్లు ఒక్కసారిగా బయటికి తన్నాయి. కోటి లీటర్లకు పైగా లోహాల నీళ్లు. ఏనిమాస్ నది డురాంగో దాకా, ఆ కిందికీ నారింజ రంగుకు తిరిగింది. నూరేళ్ల నాటి తవ్వకాల బాకీ అది. ఇప్పుడు నది తేటగానే కనిపిస్తుంది, రైలు కిటికీలోంచి ఫొటోలు బాగా వస్తాయి. కానీ ఆ కొండల్లో అలాంటి పాత గని నోళ్లు వందల్లో ఉన్నాయి.

మియర్స్ వేసిన దారి

ఇక అసలు రోడ్డు. సిల్వర్టన్ దాటగానే ఎక్కుడు మొదలు. రెడ్ మౌంటెన్ కనుమ ఎత్తు 11 వేల అడుగులకు పైనే. ఎదురుగా నిజంగానే ఎర్రటి కొండలు. ఇనుము తుప్పు పట్టిన రంగది, ఎవరో కుంకుమ చల్లినట్టు. పక్కన గడ్డిలో యాంకీ గర్ల్ అనే గని తాలూకు చెక్క గోపురం ఒంటరిగా నిలబడి ఉంటుంది. కనుమ దాటి దిగాక అన్‌కంపాగ్రి లోయ మొదలవుతుంది. మొదట్లో చెప్పుకున్న తెల్లగీత అక్కడిదే.

ఇంత ఇరుకు గట్టున రోడ్డు వేయాలన్న ఆలోచన ఓటో మియర్స్‌ది. ఇప్పటి లాత్వియాలో 1840లో పుట్టి, తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చిన్నపిల్లాడిగానే ఓడెక్కి అమెరికా చేరినవాడు. గనులకు బళ్లు పోవాలంటే దారి కావాలి, దారి వేసినవాడు సుంకం వసూలు చేసుకోవచ్చు. ఇంతే ఆయన లెక్క. 1880లలో ఊరే నుంచి కొండను పేల్చి దారి తీశాడు. సుంకం గేటు ఎక్కడ పెట్టాడో తెలుసా... బేర్ క్రీక్ జలపాతం దగ్గర. ఒక పక్క నిలువు కొండ, ఇంకో పక్క నిలువు లోయ. తప్పించుకుని పోవడానికి పిల్లికైనా సందు లేదు. టోల్‌గేటు ఎక్కడ పెట్టాలో మియర్స్‌కు తెలిసినంతగా మన హైవేలవాళ్లకు కూడా తెలియదేమో. తర్వాత ఆయన రైళ్లు కూడా వేశాడు. తన రైళ్లలో ఉచితంగా తిరగడానికి పెద్దమనుషులకు వెండి, బంగారు తీగపనితో పాసులు చేయించి ఇచ్చేవాడు. 1893 వచ్చింది. వెండితోపాటే ఆయన రైల్వే కంపెనీ కూడా కోర్టు చేతుల్లోకి వెళ్లిపోయింది. రోడ్డు మాత్రం మిగిలింది.

1920లలో ప్రభుత్వం ఆ దారిని మోటారు బండ్లకు తగ్గట్టు వెడల్పు చేసింది. మిలియన్ డాలర్ అన్న పేరు ఎలా వచ్చిందంటే తలా ఒక మాట చెబుతారు. మైలుకు అంత ఖర్చయిందని కొందరు, రోడ్డుకు పోసిన గులకలో బంగారం, వెండి కలిసిపోయాయని కొందరు. మిలియన్ డాలర్లు ఇచ్చినా మళ్లీ ఈ దారిన రానని తొలినాళ్లలో ఎవరో ప్రయాణికురాలు ఒట్టేసిందని ఇంకొందరు. మూడోదే నిజమని వెనక సీటువాళ్ల ఏకగ్రీవ తీర్మానం.

మరి రెయిలింగు ఎందుకు లేదు? నిర్లక్ష్యం కాదు. చలికాలంలో ఈ రోడ్డు మీద మనిషెత్తు మంచు పడుతుంది. దాన్ని ఊడ్చే లారీలు ఎక్కడికి తోయాలి? ఒక పక్క కొండ, కాబట్టి రెండో పక్క లోయలోకే తోయాలి. రెయిలింగు కడితే మంచు దానికి ఆనుకుని గడ్డకట్టి దారే మూసుకుపోతుంది. దిమ్మెలు నాటడానికి అంచున చోటు కూడా లేదు.

ఆ లారీలు నడిపేవాళ్ల గురించి ఇక్కడ ఆగి చెప్పుకోవాలి. రోడ్డుకు పైన నిలువు కొండల మీద పేరుకున్న మంచు ఉన్నట్టుండి విరిగి కిందికి దూకుతుంది. అలా మంచు దూకే చాళ్లు ఈ దారిలో డజన్లకొద్దీ ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా క్రూరమైనది రివర్‌సైడ్ చాలు. 1963 మార్చిలో ఆదివారం ప్రార్థన జరిపించడానికి ఊరే నుంచి సిల్వర్టన్ బయల్దేరిన ఒక పాస్టరునూ, ఆయన ఇద్దరు కూతుళ్లనూ అది మింగేసింది. 1970లో ఒక మంచు లారీ డ్రైవరు, 1978లో ఇంకొకరు. ఆ తర్వాత 1985లో అక్కడ రోడ్డు మీద కాంక్రీటు పైకప్పు కట్టారు, మంచు దాని మీదుగా జారి లోయలోకి పోయేలా. అయితే నిపుణులు అడిగిన పొడవులో కొంతే కట్టారు. 1992 మార్చిలో ఇద్దరు డ్రైవర్లు ఆ కప్పుకు కాస్త ఇవతల బండి దిగి పని చేస్తుండగా మంచు మీద పడింది. ఒకరు చనిపోయారు. రెండో మనిషి చేతిలో ఉన్న టార్చిలైటుతో మంచును గీరుకుంటూ, గీరుకుంటూ, దాదాపు 18 గంటల తర్వాత తనంతట తానే పైకి వచ్చాడు.

చనిపోయిన డ్రైవర్ల పేర్లతో రోడ్డు పక్కన ఒక రాతి స్మారకం ఉంది. ఫొటోల కోసం ఆగే కార్లలో సగం దాన్ని చూడకుండానే పోతాయి. ఇప్పటికీ చలికాలంలో ముందే ఫిరంగుల వంటి సాధనాలతో పేల్చి మంచును దింపేసి, ఆ తర్వాతే దారి తెరుస్తుంటారు. అలాంటప్పుడు రోడ్డు గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ మూసి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈ దారి పేరు ఎత్తకపోవడమే మేలు.

వేసవిలో జాగ్రత్తలు వేరు. దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టి అలాగే ఉంచకూడదు. ఆటోమేటిక్ బండైనా చిన్న గేరులో వేసుకుంటే ఇంజనే పట్టి ఆపుతుంది. కొన్ని మలుపుల్లో గంటకు పాతిక కిలోమీటర్లు మించొద్దని బోర్డులుంటాయి, అవి అలంకారానికి పెట్టినవి కావు. వెనక బండి తొందరపడుతుంటే పక్కన ఆగే చోటు రాగానే దారి ఇచ్చేయడమే మర్యాద. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం తిరగ్గానే ఉరుములు మెరుపులు మొదలవుతాయి కనుక ఎత్తు కనుమలు పొద్దున్నే దాటాలి. చీకటి పడేవేళ జింకలు, ఎల్కులు రోడ్డు మీదికి వస్తాయి. పెట్రోలు బంకుల్లో మామూలు రకం ఇక్కడ 85 ఆక్టేన్. 87 పోయించమని చాలా కార్ల మాన్యువళ్లు చెబుతాయి, పోయించేముందు మీట చూసి నొక్కాలి.

వేడినీళ్ల ఊరు

ఆఖరి మలుపు తిరిగితే కాళ్ల కింద ఊరే. మూడు పక్కలా నిలువు కొండలు, మధ్య గుప్పెడు ఇళ్లు. ఊరి చివర వేడినీటి బుగ్గల కొలను. మలుపులన్నీ దిగొచ్చాక ఆ నీళ్లలో మెడదాకా మునిగి కూర్చుంటే అమ్మ కూడా 'ఫరవాలేదు, రావొచ్చు' అంటుంది.

ఊరి పేరు యూట్ తెగ నాయకుడు ఊరేది. ఈ కొండలు ఆయన ప్రజలవి. బంగారం, వెండి ఉన్నాయని తెలిశాక 1873లో ఒప్పందం పేరుతో శాన్ వాన్ కొండల్ని వాళ్ల దగ్గర తీసుకున్నారు. ఊరే 1880లో చనిపోయాడు. ఆ మరుసటి ఏడే ఆయన ప్రజల్ని యూటా ప్రాంతానికి తరలించేశారు. పేరు ఊరికి మిగిలింది, ఊరు మాత్రం వాళ్లకు మిగల్లేదు. మెసా వెర్డే దగ్గర, డురాంగోకు దక్షిణాన ఇంకో రెండు యూట్ తెగల నేలలు నేటికీ ఉన్నాయి.

ఊరే నుంచి కిందికి దిగితే మాంట్రోస్. అక్కడికి దగ్గర్లోనే బ్లాక్ కేనియన్, గన్నిసన్ నది కోసిన లోయ. అంచున నిలబడి చూస్తే ఎదురుగా 2,250 అడుగుల నిలువు గోడ. ఈ ప్రయాణంలో రెండు గంటలు మిగిలితే ఇవ్వాల్సింది దీనికే, ఇంకో షాపింగ్ మాల్‌కు కాదు.

తిరుగుదారి

గ్రాండ్ జంక్షన్ దగ్గర 70వ నంబరు ఇంటర్‌స్టేట్ ఎక్కితే ఇక పెద్దరోడ్డే. అయినా దాన్ని తీసిపారేయడానికి వీల్లేదు. గ్లెన్‌వుడ్ లోయలో 20 కిలోమీటర్ల మేర కొలరాడో నది, రైలుపట్టాలు, నాలుగు వరుసల రహదారి ఒకే సందులో పోతాయి. లోయను చెక్కేయకుండా రోడ్డును 40 వంతెనల మీద ఎత్తి, ఒక దిశను పైన, ఇంకో దిశను కింద పరిచారు. 1992లో పూర్తయ్యేసరికి 490 మిలియన్ డాలర్లు అయింది. రోడ్డే వద్దని పోరాడినవాళ్లలో గాయకుడు జాన్ డెన్వర్ కూడా ఉన్నాడు. ఆ గొడవ వల్లే ఇంత ఒబ్బిడిగా కట్టారని చెప్పొచ్చు. 2020లో కార్చిచ్చు ఆ కొండల మీది చెట్లను కాల్చేసింది. మరుసటి వేసవిలో వానలకు బురద, బండరాళ్లు రోడ్డు మీద పడి రెండు వారాలు దారి మూసేశారు. అందుకే వర్షాలున్నప్పుడు బయల్దేరేముందు రవాణా శాఖ సమాచారం చూసుకోవడం ఇక్కడివాళ్లకు అలవాటు.

అన్నట్టు, డెన్వర్‌కు దగ్గరగానే ఇంకా ఎత్తైన దారులున్నాయి. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగులకు ఎక్కుతుంది, మామూలుగా మే నెలాఖరు నుంచి అక్టోబరు మధ్య వరకే తెరుస్తారు. ఇటీవలి వేసవుల్లో అక్కడికి ముందుగా వేళ బుక్ చేసుకోవాల్సి వచ్చింది. విదేశీ సందర్శకుల రుసుములు కూడా మారుతున్నాయి, అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు ముందే ఆరా తీయాలి. మౌంట్ బ్లూ స్కై రోడ్డు 14 వేల అడుగులు దాటుతుంది. 2023 వరకు దాని పేరు మౌంట్ ఎవాన్స్. 1864లో శాండ్ క్రీక్ దగ్గర షయాన్, అరాపహో ప్రజల ఊచకోత జరిగినప్పుడు గవర్నరుగా ఉన్నవాడి పేరది, అందుకే తీసేశారు. 2024 సెప్టెంబరులో మరమ్మతులకు మూసిన ఆ రోడ్డు 2025 వేసవంతా తెరుచుకోలేదు. కనుక కనుక్కున్నాకే బండి తీయాలి.

చివరగా ఐసెన్‌హోవర్ సొరంగం. 11,158 అడుగుల ఎత్తున, పొడవు 2.7 కిలోమీటర్లు. నెత్తిన ఉన్న కొండ ఖండాన్ని రెండుగా చీల్చే గట్టు. దానికి పడమట కరిగిన మంచు పసిఫిక్ వైపు, తూర్పున కరిగినది అట్లాంటిక్ వైపు దారి పడుతుంది. సొరంగం దాటాక డెన్వర్ దాకా చాలావరకు దిగుడే. పక్కన అక్కడక్కడా గులకరాళ్లు పోసిన ఎక్కుడు దారులు కనిపిస్తాయి, బ్రేకులు పోయిన లారీలు దూరి ఆగడానికి. సొరంగం దగ్గర నీళ్లు తాగి బిరడా బిగించిన ప్లాస్టిక్ సీసా డెన్వర్ వచ్చేసరికి దానంతటదే లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. ఎవరు నలిపారని పిల్లలు పోట్లాడుకుంటుంటారు.